దూది ఆరిందా?

హ్యూస్టన్‌లో ఫిబ్రవరి నెలాఖరుకి చలి పోతుంది. లైవ్ ఓక్ చెట్లు పాత ఆకు రాల్చి కొత్త ఆకు తొడుగుతాయి. 2024లో అలాంటి ఒక పొద్దున్న మా ఆవిడ పికప్ ట్రక్కు తలుపు తీసి, ఎక్కకుండా అక్కడే ఆగిపోయింది. “బియ్యం ముక్కిన వాసన వస్తోందండీ. కూరగాయల సంచి ఏదైనా సీటు కింద ఉండిపోయిందేమో చూడండి” అంది.

చూశాను. సంచీ లేదు, ఏమీ లేదు. కార్పెట్ మీద అరచెయ్యి పెట్టి తడిమితే పొడిగానే ఉంది. కిటికీలు దించి ఒక పూటంతా ఎండలో ఉంచాను. వంటసోడా చల్లి మర్నాడు వాక్యూమ్‌తో లాగేశాను. రెండు రోజులు బాగానే ఉంది. మూడోనాటికి మళ్లీ అదే వాసన.

వారం తర్వాత వాన పడింది. ఇన్సూరెన్సు కాగితాల కోసం పక్క సీటు ముందు ఒక మోకాలు ఆనించి గ్లవ్ బాక్సు వెతుకుతున్నాను. ప్యాంటు మోకాలి దగ్గర చల్లగా తగిలింది. లేచి చూస్తే తడి. అరచేతికి పొడిగా ఉన్న చోటే, ఒంటి బరువు పడేసరికి నీళ్లు ఊరాయి. ఆ క్షణంలో నాకు మా నాయనమ్మ గొంతు వినబడింది. “దూది ఆరిందా?”

1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచేసినప్పుడు నాకు ఆరేళ్లు. పది వేల మందికి పైగా పోయారు. మా ఊరు సముద్రానికి దూరంగా, ఎగువన ఉంది. ఉప్పెన మా దాకా రాలేదు. గాలివాన మటుకు వచ్చింది. ఇంట్లో మోకాల్లోతు నీళ్లు రెండు రోజులు నిలిచాయి. ఎండ రాగానే ఊరు ఊరంతా వాకిట్లోకి వచ్చింది. ధాన్యం, ట్రంకు పెట్టెల్లో బట్టలు, కాగితాలు, పరుపులు అన్నీ ఎండలో. నాకు గుర్తున్నది పరుపుల సంగతి. పక్కింటివాళ్లు పరుపును అరుగు మీద నిలబెట్టి, మధ్యాహ్నం ఒకసారి తిరగేసి, సాయంత్రానికి లోపలికి తీసుకుపోయారు. మా నాయనమ్మ కత్తిపీట తెచ్చి పరుపు అంచు కుట్లు తెగ్గోసింది. బూరుగు దూదంతా పాత చీర మీద కుప్ప పోసి, పేళ్లు పేళ్లుగా విడదీసి ఆరబెట్టింది. మా అమ్మకు మనసొప్పలేదు. నిక్షేపంలాంటి పరుపు, గుడ్డ ఆరిపోయింది కదా అంది. “గుడ్డ ఆరుతుందమ్మా. గుడ్డకేం? దూది ఆరిందా?” అంది నాయనమ్మ. దూదేకే సాయిబు వచ్చి విల్లు మీటుతూ ఏకిందాకా, అంటే పది పదిహేను రోజులు, మేం చాపల మీద పడుకున్నాం. సంక్రాంతికి మా పరుపు మెత్తగా ఉంది. పక్కింటివాళ్ల పరుపుకి లోపల బూజు పట్టి, చివరికి కాలవగట్టున తగలబెట్టారు.

బండి నేల కూడా పరుపులాంటిదే. పైన కనబడేది కార్పెట్. బండి నేల ఎత్తుపల్లాలకు సరిపోయేలా అచ్చులో పోసినట్టు తయారుచేస్తారు. దాని వెనక బరువైన రబ్బరులాంటి పూత ఉంటుంది. ఆ కింద అంగుళం మందాన మెత్త, పాత బట్టలు చింపి పీచు చేసి అదిమినది. చప్పుడు, వేడి లోపలికి రాకుండా ఆపడం దాని పని. ఆ పని బాగానే చేస్తుంది. నీళ్లు తగిలితే మటుకు వదలదు. పైన రబ్బరు మూత, కింద ఇనుప పళ్లెం, మధ్యలో నీళ్లు తాగిన పీచు. ఎండ ఎంత కాసినా కార్పెట్ మీది నూగు ఆరుతుంది గానీ ఆ పీచు ఆరదు. తడిసినదాన్ని 24 నుంచి 48 గంటల్లోగా ఆరబెట్టకపోతే బూజు మొదలవుతుందని అమెరికా పర్యావరణ సంస్థ ఇళ్ల గురించి చెబుతుంది. ఇల్లయినా బండయినా బూజుకి ఒకటే. నేను సోడా చల్లి మూడు వారాలు గడిపాను.

అసలు పికప్‌కి కార్పెట్ మొదటినుంచీ ఉన్నది కాదు. అది పొలం బండి. వెనకటి రోజుల్లో కింద రబ్బరు చాప ఉండేది, బురదైతే గొట్టంతో కడిగేసేవారు. పనికోసం కొనే చవక మోడళ్లకు ఇప్పటికీ వినైల్ నేలే వస్తుంది. పిల్లల్ని బడికి దింపే బండిగా, కుటుంబంతో ఊళ్లు తిరిగే బండిగా మారాక దానికీ కారు సొగసులు వచ్చాయి. టెక్సస్ వచ్చిన తెలుగువాళ్లలో కూడా పికప్ కొనుక్కున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఇల్లు మారాలన్నా, తోటకి మట్టి తేవాలన్నా అదే. నాది 2010 మోడల్, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. అప్పటికి పదకొండేళ్లుగా నా దగ్గరుంది. అదంటే నాకు ఇష్టం.

షాపులో చూపించాను. కార్పెట్ మార్చడానికి 1,200 డాలర్లు చెప్పారు. నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయని అడిగితే, అది వేరే పని, ముందు కార్పెట్ వేద్దాం అన్నారు. అక్కడే నాకు కుదరలేదు. కారే దారి తెలియకుండా కొత్త కార్పెట్ వెయ్యడమంటే చిల్లు కుండకి సున్నం కొట్టడమే. డబ్బు సంగతి తర్వాత. నా బండి అడుగు ఎలా ఉందో నేను చూడాలనిపించింది. ఈ దేశం వచ్చి పాతికేళ్లయింది. ఇంట్లో ఏది చెడినా ఫోన్ చెయ్యడం, ఎవరో రావడం, మూసి వెళ్లిపోవడం. లోపల ఏముందో నేను చూసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మా నాన్న సైకిల్ బేరింగులు ఆయనే విప్పి, కిరసనాయిల్లో కడిగి, గ్రీజు పెట్టి బిగించుకునేవాడు. విప్పనిదాన్ని నాది అనుకోవడం ఆయనకు తెలియదు.

మార్చి నెలలో ఒక శనివారం మొదలుపెట్టాను. పదహారేళ్ల మా అమ్మాయిని తోడు పిలిచాను. రేపు ఈ బండి నడపబోయేది తనే.

ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, పావుగంట ఆగాం. ఇది చాదస్తం కాదు. సీట్ల కింద పసుపుపచ్చ కనెక్టర్లు ఉంటాయి, అవి ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థవి. బ్యాటరీ తీసేశాక కూడా అందులో కాసేపు కరెంటు నిలవ ఉంటుంది. అవి ఊడదీసి ఉండగా తాళం తిప్పకూడదు, తిప్పితే డాష్‌బోర్డులో ఎర్రదీపం వెలిగి కూర్చుంటుంది. ఒక్కో ముందు సీటుకి నాలుగు బోల్టులు. పక్క సీటు బోల్టులు రెండు తుప్పుతో పట్టేశాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాను కాబట్టి పొడుగు రెంచికి కిర్రుమంటూ కదిలాయి. సీటు బెల్టుల అడుగు బోల్టులు, గుమ్మాల ప్లాస్టిక్ పట్టీలు, మధ్య కన్సోలు, వెనక సీటు అన్నీ బయటికి వచ్చాయి. ఏ డబ్బాలో ఏ బోల్టు వేశామో మా అమ్మాయి టేపు మీద తెలుగులో రాసింది. ‘కుడి సీటు ముందు’ అన్న అక్షరాలు చూస్తే నాకు ఎంతో సంతోషం వేసింది.

కార్పెట్ ఎత్తడం ఇద్దరికీ కష్టమైంది. పొడి కార్పెట్ ఒక మనిషి చంకలో పెట్టుకుపోవచ్చు. ఇది తడిసిన గొంగళిలా వేలాడింది. మడిచి బయటికి లాగుతుంటే మడతలోంచి ధారగా నీళ్లు కారాయి. మెత్త అడుగు నల్లగా, దాని మీద బూడిదరంగు బూజు మచ్చలు. మా అమ్మాయి రెండడుగులు వెనక్కి వేసింది. ఇద్దరం మాస్కులు పెట్టుకున్నాం. మూడు వారాలు ఆ గాలి పీల్చుకుంటూ ఆ పిల్లని బడికి తీసుకెళ్లానే అని చాలా బాధ కలిగింది.

ఇనప నేల మీద ఇసుకైనా, ఒండ్రు మట్టి చారైనా ఉందా అని ముందు వెతికాను. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను ఈ ప్రాంతాన్ని ముంచినప్పుడు నెడర్‌ల్యాండ్ అనే ఊళ్లో 60.58 అంగుళాల వాన కురిసింది. లెక్కలేనన్ని బండ్లు మునిగాయి, వాటిలో కొన్ని కడిగి తుడిచి మళ్లీ అమ్మకానికి వచ్చాయి. అందుకే హ్యూస్టన్‌లో పాత బండి కొనేవాళ్లు కార్పెట్ అంచు ఎత్తి చూస్తారు. పైన ఎంత శుభ్రం చేసినా వరద ఒండ్రు కార్పెట్ కింద, వైర్ల సందుల్లో మిగిలిపోతుంది. నేను కొన్నది హార్వీకి ముందే, ఆ రోజు బండి మా గరాజులోనే ఉంది. అయినా నా ముందు మూడేళ్లు దీన్ని ఎవరు ఎలా చూశారో నాకు తెలియదు కదా. ఒండ్రు లేదు. నాలుగు పెకాన్ పెంకులు, కొన్ని చిల్లర నాణాలు, ఒక ఆకుపచ్చ క్రేయాన్ ముక్క. ఆ క్రేయాన్ మా అమ్మాయిదో, పాత యజమాని ఇంటి పిల్లలదో తేల్చలేకపోయాం. దాన్ని పారెయ్యలేదు.

నేలలో గుండ్రటి రబ్బరు బిరడాలు ఉంటాయి. రెండు ఊడదీస్తే మిగిలిన నీళ్లు కిందికి దిగిపోయాయి. రెండు రోజులు ఫ్యాను, తేమ లాగే యంత్రం పెట్టాం. పక్క సీటు కింద అరచేయంత మేర తుప్పు ఉంది, రేకు తినెయ్యలేదు, పై పొర మాత్రమే. ఇనప బ్రష్షుతో గీకి, తుప్పు మార్చే ద్రావకం పూశాను. ఎర్రగా ఉన్న తుప్పు నా కళ్ల ముందే ఊదారంగుకి తిరిగి, గంటలో నల్లబడింది. డబ్బా మీద చదివితే టానిక్ ఆమ్లం అని ఉంది. కృష్ణా జిల్లావాణ్ని, ఆ నలుపు నాకు తెలుసు. పెడన కలంకారీ నలుపు అదే! తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్లలో ఊరబెట్టి కసిమి చేస్తారు. కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెట్టిన బట్టకు ఆ కసిమి తగలగానే నల్లబడుతుంది. కరక్కాయలో ఉన్నదీ టానినే. ఇనుమూ టానినూ కలిస్తే వదలని నలుపు పుడుతుంది. బట్ట మీద అది పువ్వు గీత, నా బండిలో ఇనుముకి కాపు. దాని మీద ప్రైమరు, ఆపైన రంగు వేశాను.

ఇక అసలు ప్రశ్న. నీళ్లు ఎక్కణ్నుంచి?

ముందు సీటు కాళ్ల దగ్గర తడి అంటే మొదట ఏసీ మీద అనుమానం వస్తుంది. ఏసీలో చెమర్చిన నీరు బయటికి పోయే సన్న గొట్టం మూసుకుపోతే అటే దిగుతుంది. చూశాను, గొట్టం బాగుంది. హీటరు కారితే తీపి వాసన, చేతికి జిగురు ఉంటాయి, అవీ లేవు. ముందు అద్దం కింద వైపర్ల దగ్గరి తొట్టిలో ఓక్ ఆకులు బక్కెట్టు నిండా తీశాను. అక్కడ వాననీరు నిలిస్తే గాలి దారిలోంచి లోపలికి వస్తుంది. ఇదే కారణం అని దాదాపు తేల్చేసుకున్నాను. మా అమ్మాయే అంది, “చూడకుండా ఎలా తెలుస్తుంది నాన్నా?”

పౌడరు డబ్బా తెచ్చి, ఖాళీ ఇనప నేల మీద, వెనక గోడ మీద పల్చగా ముగ్గు చల్లినట్టు చల్లాం. తను టార్చిలైటుతో లోపల కూర్చుని తలుపులు వేసుకుంది. నేను బయట తోట గొట్టంతో. ఒకేసారి బండంతా తడిపితే ఏమీ తెలియదు. కింద మొదలుపెట్టి మెల్లగా పైకి పోవాలి, ఒక్కోచోట పది నిమిషాలు ఆగాలి. తలుపుల అడుగు, ఏమీ లేదు. ముందు అద్దం కింద, నేను అంత నమ్మకంగా ఉన్న చోటు, పది నిమిషాలు పోశాను. పౌడరు చెక్కు చెదరలేదు. పక్క అద్దాలు, వెనక అద్దం, ఏమీ లేదు. చెయ్యి నొప్పి పుట్టి, ఇక ఆపుదామా అనుకుంటూ క్యాబ్ వెనక పైభాగాన ఉన్న బ్రేక్ దీపం మీదికి గొట్టం తిప్పాను. రెండు నిమిషాలైనా కాలేదు. లోపలినుంచి అద్దం మీద గట్టిగా చప్పుడు. “నాన్నా, ఆపు! వచ్చింది, వచ్చింది!”

వెళ్లి చూశాను. వెనక గోడ మీది తెల్లటి పౌడరులో పైనుంచి కిందికి ఒకే ఒక్క నల్లటి గీత. దాని చివర ఒక బొట్టు, జారుతూ, ఆగుతూ, మళ్లీ జారుతూ. ఇద్దరం ఊపిరి బిగబట్టి ఆ బొట్టు నేలకు దిగేదాకా చూశాం.

అమెరికాలో ఈ మూడో బ్రేక్ దీపం 1986 మోడల్ నుంచి కార్లకు, 1994 మోడల్ నుంచి లైట్ ట్రక్కులకు తప్పనిసరి అయింది. వెనక వచ్చేవాడి కంటి ఎత్తున దీపం ఉంటే ఢీకొనడాలు తగ్గుతాయని. మంచి నియమం. చాలా కార్లలో ఆ దీపం వెనక అద్దానికి లోపలివైపు ఉంటుంది, వాన తగలదు. పికప్‌లో ఎక్కువగా దాన్ని క్యాబ్ వెనక గోడకు బయట, కప్పు అంచున పెడతారు. అంటే రేకుకి కన్నం పెట్టి, చుట్టూ సన్న నురుగు రబ్బరు గాస్కెట్ వేసి బిగించాలి. పద్నాలుగు వేసవులు టెక్సస్ ఎండ తిన్న ఆ గాస్కెట్ చేతిలోకి తీసుకుంటే అప్పడంలా విరిగింది.

నీరు దిగింది వెనక గోడ పైన. తడి కనిపించింది ముందు సీటు కాళ్ల దగ్గర. మధ్యలో ప్రయాణమంతా కార్పెట్ కింద. బండిని వెనక్కి నడిపి ముక్కు వీధివైపు పెట్టి ఆపడం నా అలవాటు. మా వాకిలి వీధివైపుకి వాలుగా ఉంటుంది. వెనక దిగిన నీటిని ఆ పీచు మెత్త దీపం వత్తిలా పీల్చుకుంటూ, పల్లానికి లాక్కుంటూ ముందుకి చేర్చింది. ఆ షాపులో చెప్పినట్టు కార్పెట్ మాత్రం మార్పించి ఉంటే, మరో రెండు వానలకు 1,200 డాలర్ల కొత్త పీచు అవే నీళ్లు తాగేది. కొత్త గాస్కెట్ ఖరీదు 9 డాలర్లు.

మిగిలిన పని ఒక ఆదివారం. కొత్త కార్పెట్ 240 డాలర్లు, చుట్ట చుట్టి పెట్టెలో వచ్చింది. వాకిట్లో ఎండలో మూడు గంటలు పరిస్తే మడతలు పోయి తన ఆకారానికి వచ్చింది. బోల్టులకూ బెల్టులకూ కన్నాలు మనమే కోసుకోవాలి. పాత కార్పెట్‌ని అందుకే పారెయ్యకుండా ఉంచాను. దర్జీకి ఆది జాకెట్టు ఇచ్చినట్టు దాన్ని పక్కన పరుచుకుని చూసుకుంటూ, మధ్య దిమ్మ మీద ముందు సరిగ్గా కూర్చోబెట్టి, అక్కణ్నుంచి అంచులకు పోయాం. కన్నం చిన్నగా కొయ్యాలి. చాలకపోతే పెంచుకోవచ్చు, ఎక్కువైతే చేసేదేమీ లేదు. పాత మెత్తను మాత్రం ఆరబెట్టి వాడుకోవాలని చూడలేదు. నాయనమ్మ దూదిని ఏకించుకుంది, ఇది ఏకితే బాగుపడే సరుకు కాదు. నీళ్లు తాగని నురుగు షీటు కొని పరిచాం. సీటు బోల్టులు, బెల్టు బోల్టులు టార్క్ రెంచితో మాన్యువల్‌లో రాసిన లెక్కకే బిగించాను. ప్రమాదంలో మనిషిని పట్టి ఉంచేవి అవి, అక్కడ చేతి అంచనా పనికిరాదు.

ఆ జూలై 8న బెరిల్ తుఫాను మటగోర్డా దగ్గర తీరం దాటి హ్యూస్టన్ మీదుగా పోయింది. ఇరవై లక్షల పైచిలుకు కనెక్షన్లకు కరెంటు పోయింది, మాకూ పోయింది. రాత్రంతా గాలి, వాన. బండి బయటే ఉంది. మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చాక మా అమ్మాయి నాకంటే ముందే వెళ్లి వెనక సీటు దగ్గర కార్పెట్ అంచు పైకెత్తింది. అరచెయ్యి లోపలికంటా పెట్టి, నురుగు షీటు కిందదాకా తోసింది. చెయ్యి బయటికి తీసి నాకు చూపించింది.

పొడిగా ఉంది.